మామిడి కొత్తకి ముందు

ఏప్రిల్ 5, ఆదివారం

బుల్లులూ,

ఇది నీ డ్యూటీ నోటుబుక్కు. హాస్టల్ గది ఖాళీ చేసి తెచ్చిన సామాన్లలో ఉంది. ముందు పేజీల్లో నీ రాత, మంచం నంబర్లూ జ్వరాలూ బీపీలూ. ఆ తర్వాత అంతా ఖాళీ. ఆ గళ్ళ మీదుగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ఐదో తరగతితో ఆగినదాన్ని. బైబిల్లో వాక్యం చదువుకోవడం కోసం అక్షరాలు మర్చిపోకుండా ఉంచుకున్నాను, అంతే. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

ఇవాళ పునరుత్థాన పండగ. తెల్లారకుండానే పేటలో అందరూ కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్ళారు. మీ నాన్నగారు నిన్ననే మీ మామ్మ సమాధికీ తాతయ్య సమాధికీ సున్నం వేసి వచ్చారు. బకెట్లో కొంచెం సున్నం మిగిలింది. దాన్ని పెరట్లో దించి, నా వైపు చూడకుండా చెప్పారు, మామ్మ పక్కన నాలుగడుగుల జాగా ఉంది, చర్చి అయ్యగారితో మాట్లాడాను, ఒక రాయి వేయిద్దాం, పేరన్నా ఉంటుంది, అని.

ఆ సున్నం తీసుకెళ్ళి కాలవలో కుమ్మరించి వచ్చాను.

లోపల ఎవరూ లేని సమాధికి కొవ్వొత్తి ఏంటి? వాగులో కొట్టుకుపోయావన్నారు. పదకొండు రోజులు వెతికారు. దొరకలేదన్నారు. దొరకలేదంటే దొరకలేదనే కదా. పోయావని కాదు కదా.

ఏప్రిల్ 6

వంకాయ మెంతికారం వండాను. నీ కంచంలో పెట్టాను. మీ నాన్నగారు చూసి తినకుండా లేచిపోయారు.

ఏప్రిల్ 7, మంగళవారం

ఆ మారేడుమిల్లి కొండలకి నువ్వు వెళ్ళింది నాలుగుసార్లు. మొదటిసారి ఆసుపత్రి వాళ్ళు మందుల క్యాంపుకని తీసుకెళ్ళారు. ఈతమెట్టలో ఆ లచ్చాయమ్మ కాలి పుండుకి నువ్వు కట్టు కట్టింది అప్పుడే. తర్వాత మూడుసార్లూ నీ అంతట నువ్వే పోయావు. ఒకసారి జలపాతం చూడ్డానికి, ఒకసారి వాళ్ళ భూమి పండక్కి, ఆఖరిసారి సామ కొత్త అనే కొత్త సామల పండక్కి. వెళ్ళినప్పుడల్లా ఆవిడ ఇంట్లోనే బస. మీ నాన్నగారికి మూడుసార్లూ డ్యూటీ అని చెప్పింది నేనే.

ఏటిగట్టు తప్ప ఎత్తు ఎరగని పిల్లవి, అక్కడేముందే అంటే, "అక్కడ మబ్బులు మన కాళ్ళ కింద ఉంటాయే అమ్మా" అన్నావు. ఫోన్లో ఫోటో చూపించావు. ఊక తగలబెట్టిన పొగలా ఉందే అంటే పడీ పడీ నవ్వావు.

సెప్టెంబర్లో శనివారం దిగిపోవాల్సినదానివి. ఆదివారం మా పండగ, చూసి పో అని ఆవిడ ఉంచేసింది. ఆ రాత్రంతా వాన. సోమవారం పొద్దున్న వాగు దాటుతూ ఉంటే.

ఆవిడే ఉంచింది. నలుగురిలో ఒప్పుకుంది కూడా. వాగు ఒడ్డున మీ నాన్నగారు "మా పిల్లని ఉండమన్నది ఎవరు?" అని అడిగితే, "నేనేనయ్యా" అంది. పోలీసులు కూడా విన్నారు. మీ నాన్నగారు జన్మలో ఎవర్నీ తిట్టని మనిషి, ఆవేళ ఆవిడ ఇల్లు పాడైపోవాలన్నారు.

నేను పక్కనే ఉన్నాను. నా చెవులతో విన్నాను. ఆవిడే ఉంచింది.

ఏప్రిల్ 8

అయ్యగారు వచ్చారు. ప్రార్థన చేశారు. ఏడాది ఆగక్కర్లేదమ్మా, ఎప్పుడంటే అప్పుడు జ్ఞాపకార్థ కూటం పెట్టుకుందాం, సంఘం అంతా మీ వెనకే ఉంది అన్నారు. మీ నాన్నగారు ఆయ్ అన్నారు. నేను కాఫీ పెట్టడానికి వెళ్ళి, కాఫీ పెట్టకుండా పెరటి గుమ్మంలో నిలబడ్డాను.

నాకు ముందు ఆవిడ మొహం చూడాలి. ఎందుకు ఉంచావే అని అడగాలి. అప్పుడు చూద్దాం రాళ్ళ సంగతి.

ఏప్రిల్ 9

మండపేటలో మీ పెద్దమ్మకి ఒంట్లో బాగాలేదు, నాలుగు రోజులుండి వస్తాను అని మీ నాన్నగారితో చెప్పాను. అలాగే వెళ్ళు అన్నారు. నీకోసం ఆడిన అబద్ధాలు ఇప్పుడు నాకే పనికొస్తున్నాయి.

శత్రువు గుమ్మంలోకైనా ఒట్టిచేతులతో వెళ్ళకూడదు. మీ మామ్మ ఆ మాట అంటుండేది. నువ్వు కడియం నుంచి తెచ్చి పాతిన కొత్తపల్లి కొబ్బరి మామిడి ఈ ఏడే మొదటి కాపు. పద్దెనిమిది కాయలు కాసింది. నువ్వు వచ్చాక కోద్దామని ఉంచాను. ఇవాళ అన్నీ కోసేశాను. గోనె సంచిలో గడ్డి వేసి సర్దాను.

ఏప్రిల్ 10, శుక్రవారం

పొద్దున్నే కొత్తపేటలో బస్సెక్కాను. రావులపాలెం దాటి జొన్నాడ వంతెన మీదకి రాగానే కళ్ళు మూసుకున్నాను. సెప్టెంబరు నుంచీ గోదావరిని చూడటం లేదు. పక్కన కూర్చున్న ఆవిడకి కాయల వాసన తగిలింది. "కొత్తపల్లి కొబ్బరేనాండి?" అంది. ఆయ్ అన్నాను. "చుట్టాలింటికాండి?" అంది. దానికీ ఆయ్ అన్నాను.

రాజమండ్రిలో మారాను. గోకవరం దాటాక చేలు అయిపోయి చెట్లు మొదలయ్యాయి. మారేడుమిల్లిలో దిగితే తిరణాలలా ఉంది. కార్లూ, నల్లకళ్ళజోళ్ళూ, వెదురు బొంగుల్లో కాలుతున్న కోడికూర పొగా. నీ ఈడు ఆడపిల్లలు రోడ్డు మలుపులో నిలబడి ఫోటోలు దిగుతున్నారు. అందర్నీ వెనకనుంచి చూశాను. ఎవరి జడా నీ జడలా లేదు.

షేరు ఆటో నడిపే గంగబాబు అనే అతను జలపాతానికాండి అని అడిగాడు. ఈతమెట్ట అన్నాను. "మామిడి కొత్తకాండి? మంగళారమేనండి. మంచి టైముకే వచ్చేరు. ఫోను ఛార్జింగు పెట్టుకున్నారాండి మరి? అందరూ వీడియోలు తీసుకుంటారు" అన్నాడు. నా బటన్ల ఫోను చూపిస్తే నవ్వి ఊరుకున్నాడు.

వాగు దగ్గర ఆటో ఆగిపోయింది. అక్కణ్ణుంచి నడకే.

బుల్లులూ, అందులో నీళ్ళు నా చీలమండ దాకా లేవు. గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. ఒక పిట్ట నీళ్ళలో నిలబడి తాగుతోంది, దాని కాళ్ళు కూడా మునగలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని దాటాను. మళ్ళీ ఇవతలికి వచ్చాను. మళ్ళీ దాటాను. "దారి అటేనండి, తిన్నగా వెళ్ళిపోండి" అని గంగబాబు అవతల నుంచి కేకేశాడు.

లచ్చాయమ్మ గుమ్మంలో విస్తళ్ళకని అడ్డాకులు కట్టలు కడుతోంది. నన్ను చూసి లేచింది. మనిషి చిక్కిపోయింది. "రా అక్కా. ఎండన పడి వచ్చావు" అంది. అంతే. ఎందుకొచ్చావని అడగలేదు. లోపలికి వెళ్ళి చెంబు కాకుండా నీలం మూత సీసాతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అది నీ సీసా. అడుగున నీ పేరు గోరురంగుతో రాసి ఉంది.

కాయల సంచి ఇస్తే మాత్రం చేయి వెనక్కి తీసుకుంది. "అయ్యి ఇప్పుడు కాదక్కా. మంగళారం" అంది. సంచిని ఇంట్లోకి రానివ్వలేదు. బయట చూరుకి, మేకల పాక వైపు వేలాడదీసింది.

నా పిల్ల పాతిన చెట్టు కాయలు మేకల పాకలో వేలాడాలా.

అడగాలని వచ్చిన మాట ఇవాళ అడగలేదు. రేపు అడుగుతాను.

ఏప్రిల్ 11, శనివారం

ఇవాళ జరిగింది ఎలా రాయాలో తెలియడం లేదు.

లచ్చాయమ్మకి మొగుడు లేడు, పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది ఆవిడా, ఆవిడ అత్తా. అత్తకి ఎనభై దాటి ఉంటాయి. కళ్ళు సరిగా కనపడవు, నోట్లో పళ్ళు లేవు, మాట మాత్రం కత్తి. లచ్చాయమ్మ పొద్దున్నే ఆకుకి అడవిలోకి పోయింది. ఒకళ్ళ ఇంట్లో తిని కూర్చోవడం నాకు చేతకాదు. ఇల్లు అలికాను. పొయ్యి రాజేశాను. డబ్బాలో కందిపప్పు ఉంది. మామిడికాయ పప్పు చేస్తే నువ్వు గిన్నె నాకేదానివి.

చూరు నుంచి సంచి దించాను. నిన్న ఆవిడ వద్దంది, నాకు తెలుసు. అందుకే దించానేమో. మా కాయలకి ఏం తక్కువ అని.

పోపు వాసనకి ముసలమ్మ పాక్కుంటూ వచ్చింది. ఏంటిది అంది. మామిడికాయ పప్పు మామ్మగారూ అన్నాను. గిన్నె వైపు వంగి వాసన చూసింది. తర్వాత చెయ్యి చాపింది. రెండుసార్లు పెట్టించుకుంది. నేనూ తిన్నాను.

మధ్యాహ్నం లచ్చాయమ్మ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. నెత్తి మీద ఆకుల మోపు అలాగే జారిపోయింది. "ఎవరెవరు తిన్నారు?" అంది. చెప్పాను. లోపలికి రాలేదు. బయటే కూలబడి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "నువ్వు కూడానా అత్తా? నీకు తెలుసు కదా" అంది.

"తెలుసు. పుల్లగా బాగుంది" అంది ముసలమ్మ.

అప్పుడు చెప్పింది. కొత్త పండు ముందు చచ్చిపోయినవాళ్ళకి పెట్టాలట. పేరు పేరునా పిలిచి పెట్టి, వాళ్ళు తిన్నాకే బతికున్నవాళ్ళు నోట పెట్టాలట. దాన్నే మామిడి కొత్త అంటారట. అప్పటిదాకా ఊరి చెట్ల కాయ రాలి కింద పడినా పిల్లలు కూడా ముట్టరు. నేను వాళ్ళ పొయ్యి మీద వాళ్ళ గిన్నెలో వండి వాళ్ళ పెద్దమనిషికి తినిపించాను.

నేను ప్రార్థన చేసుకునేదాన్ని, ఇవన్నీ నాకెందుకు అనుకోబోయాను. కానీ ఆవిడ నెత్తి మీద చేతులు దించలేదు. ఆ చేతుల ముందు ఎవరి దేవుడు అనే మాట రాదు.

ఏప్రిల్ 12, ఆదివారం

ముసలమ్మకి తెల్లవారి నుంచీ విరేచనాలు, వాంతులు. ఊరికి తెలిసిపోయింది. ఆడవాళ్ళు వచ్చి దూరంగా నిలబడ్డారు. లోపలికి ఎవరూ రాలేదు.

గూట్లో బిస్కెట్ల రేకు డబ్బా ఉంటే తీశాను. అందులో నువ్వు పెట్టి వెళ్ళిన ఉప్పూ పంచదార నీళ్ళ పొట్లాలు ఏడున్నాయి. ఒక్కోదాని మీద లీటరు నీళ్ళకి ఒకటి, కాచి చల్లార్చి అని తెలుగులో నీ చేత్తో రాసి ఉంది. నువ్వు చెప్పినట్టే కాచాను, చల్లార్చాను. చెంచాతో పోస్తూ కూర్చున్నాను. నాలుగు పొట్లాలు అయ్యాయి. ముసలమ్మ ప్రతి చెంచాకీ "చప్పగా ఉంది" అంటూనే తాగింది.

పూజారి సోమిరెడ్డి వచ్చాడు. ఆయన వెనక ఊరి మగవాళ్ళు. గుమ్మం బయట నిలబడి, కొత్త కాకుండా ఈ ఇంట్లో కాయ ఎవరు వండారు అని అడిగాడు.

నేను లేచేలోపల లచ్చాయమ్మ అడ్డం వచ్చింది. "నేనే వండమన్నాను. ఆవిడకేం తెలుసు" అంది.

బుల్లులూ, ఆ గొంతు నాకు తెలుసు. వాగు ఒడ్డున మీ నాన్నగారి ముందు నేనేనయ్యా అన్న గొంతు అదే.

చెంచా కింద పెట్టి బయటికి వచ్చాను. "ఆవిడ అబద్ధం చెప్తోంది. వద్దన్నా వండింది నేను" అన్నాను.

అందరూ నన్ను చూశారు. నేను లచ్చాయమ్మని చూశాను. ఆవిడ తల దించుకుంది.

ఇంక దాయను. ఈ పుస్తకం నీదే, నీకు తెలియనిది ఇందులో ఏముంది.

సెప్టెంబరు పదమూడు, శనివారం. నేను చేపల పులుసులోకి చింతపండు పిసుకుతున్నాను. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కుకుని మాట్లాడాను. నువ్వన్నావు, అమ్మా, మబ్బు పట్టింది, లచ్చాయమ్మత్త ఇప్పుడే దిగిపొమ్మంటోంది, రేపేమో పండగ, ఉండనా వచ్చేయనా, అని. నేనన్నాను, ఉండవే, ఆ రామచంద్రపురం సంబంధం కుదిరితే మళ్ళీ నిన్ను కొండలకి ఎవరు పంపిస్తారు, కళ్ళారా చూసేసి రా, నాన్నగారికి నేను చెప్తానులే, అని.

ఆవిడ దిగిపొమ్మంది. నేను ఉండమన్నాను.

చేతికి చింతపండు ఉంది కదా, ఎక్కువ మాట్లాడలేదు. పెట్టేశాను.

అదే రోజు, కొంచెం తర్వాత

లచ్చాయమ్మని అడిగాను. నేను అడగాలని వచ్చిన మాట ఇది కాదు. "మా ఆయనతో నేనేనయ్యా అని ఎందుకన్నావు?"

ఆవిడ అడ్డాకు కుడుతూనే చెప్పింది. "నీ మొహం చూశాను అక్కా. నేను ఈ కొండ మీద ఉండేదాన్ని, ఆయన తిట్టినా నాకు ఇనపడదు. నువ్వు ఆయనతో ఒకే ఇంట్లో ఉండాలి కదా."

ఏప్రిల్ 13, సోమవారం

ముసలమ్మ లేచి కూర్చుంది. గంజి ఇస్తే, మొన్నటి పప్పు ఉందా అని అడిగింది. లచ్చాయమ్మ నవ్వింది. నేను వచ్చాక ఆవిడ నవ్వడం ఇదే మొదటిసారి.

సాయంత్రం పూజారి మళ్ళీ వచ్చి తప్పుకి విరుగుడు చెప్పాడు. కొత్తకి ముందు తిన్న మనిషే రేపు అందరికంటే ముందు పెట్టాలి. తన ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు అన్నీ పిలవాలి. "ఒక్కళ్ళని మర్చిపోయినా ఆళ్ళు ఆకలితో గుమ్మంలో నిలబడిపోతారమ్మా. ఏడాదంతా నిలబడే ఉంటారు" అన్నాడు.

బతికి ఉన్నవాళ్ళ పేరు పొరపాటున పిలిస్తే, అని అడిగాను.

గుమ్మం దిగబోయినవాడల్లా ఆగాడు. "ఆళ్ళ ఆయుష్షు తెంపినట్టు" అన్నాడు.

నువ్వెక్కడో ఉండి ఉంటే, నీ పేరు పిలిస్తే నేనే నిన్ను చంపినదాన్నవుతాను. నువ్వు లేకపోతే, పిలవకపోతే నువ్వు ఆకలితో నిలబడతావు. ఆకలికి నువ్వు ఆగలేవు. బడి నుంచి వస్తూనే సంచి విసిరేసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా గిన్నెల మూతలు తీసేదానివి.

రేపు కొండ దిగిపోదామా అనుకున్నాను. ఎవరూ ఆపరు. సంచి కూడా సర్దాను.

పూజారి వెళ్ళాక సిగ్నలు వచ్చే మలుపు దాకా నడిచాను. అక్కడొక పెద్ద మద్దిచెట్టు ఉంది. నువ్వు నాకు ఫోను చేసింది ఆ చెట్టు కిందనుంచే అని లచ్చాయమ్మ చెప్పింది. మీ నాన్నగారికి ఫోను చేశాను.

ఆయనే ముందు మాట్లాడారు. మీ పెద్దమ్మ నిన్న మన ఇంటికి వచ్చిందట, పండులా ఉందట. ఎక్కడున్నావు అని అడిగారు. చెప్పాను.

"ఏవండీ, దాన్ని ఉండమన్నది లచ్చాయమ్మ కాదండి. నేనండి. ఫోన్లో నేనే ఉండమన్నాను. మూడుసార్లూ డ్యూటీ అని మీతో అబద్ధం చెప్పింది కూడా నేనే."

ఫోను తెగిపోయిందేమో అనుకున్నాను. మన వీధిలో ఐసు బండి గంట వినపడుతోంది. తెగలేదు. ఆ బండి వీధి చివరికి వెళ్ళిపోయేదాకా నేను అలాగే నిలబడ్డాను.

"అన్నం తిన్నావా?" అన్నారు.

లేదండి అన్నాను.

"తిను" అన్నారు. "దిగేటప్పుడు చెప్పు. జొన్నాడ దాకా వస్తాను. ఆ లచ్చాయమ్మ గారితో..." అని ఆగిపోయారు. ఆవిడతో ఏం చెప్పమంటారో చెప్పలేదు. గారు అన్నారు. అది చెప్తాను.

ఏప్రిల్ 14, మంగళవారం

పొద్దున్నే డోళ్ళు మొదలయ్యాయి. మారేడుమిల్లి నుంచి కార్లలో వచ్చినవాళ్ళు వాగు దగ్గర దిగి నడిచి వచ్చారు, పదిహేను మంది దాకా. ఆడవాళ్ళు చేతులు ఒకళ్ళవి ఒకళ్ళు పట్టుకుని వరసగా అడుగులు వేస్తుంటే ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నువ్వు కూడా ఇలాగే నిలబడి చూసి ఉంటావు. కాదు. నువ్వు వరసలోకి వెళ్ళి అడుగు తప్పి ఉంటావు. లచ్చాయమ్మని అడిగాను. "అడుగు తప్పేది, నవ్వేది" అంది.

సంచి సర్దినది సర్దినట్టే ఉంది. కానీ నేను వెళ్ళలేదు.

ఊరి చివర పెద్ద మామిడిచెట్టు కింద రాయి ఉంది. ప్రతి ఇంటివాళ్ళూ అడ్డాకులో సామ అన్నం, కోసిన కాయ ముక్కలు తెచ్చారు. నేను నా సంచిలోంచి కాయ తీసుకున్నాను. నువ్వు పాతిన చెట్టుదే. పూజారి కత్తి ఇచ్చాడు. ఎంతమంది పేర్లో అన్ని ముక్కలు కోయమన్నాడు.

నేను లెక్కపెట్టి కోయలేదు. ఇంట్లో కోసే అలవాటుగా కోశాను. ముక్కలు ఆకులో వేశాను.

అయ్యగారు గుర్తొచ్చారు. ఏం సమాధానం చెప్తానా అనిపించింది. కానీ నేను చేతులు జోడించలేదు, వంగలేదు. పిల్లకి అన్నం పెట్టడానికి అమ్మ ఏ సంఘాన్ని అడగాలి?

మా నాన్న ఇస్సాకు అన్నాను. ఒక ముక్క రాయి ముందు పెట్టాను. మా అమ్మ మార్తమ్మ. మా మామగారు యోహాను. మా అత్తగారు సంతోషమ్మ. మీ మామ్మకి పెద్ద ముక్క పెట్టాను, ఆవిడకి పులుపంటే ఇష్టం.

ఆకులో ఒక ముక్క మిగిలింది.

డోళ్ళు ఆపేశారు. "ఇంకా?" అన్నాడు పూజారి.

నేను ఆ ముక్కనే చూస్తున్నాను. లచ్చాయమ్మ నా పక్కనే ఉంది. నీ పిల్ల, నువ్వు అనందే మేం పిలవకూడదు అని ముందే చెప్పింది. ఫోన్లు పట్టుకున్నవాళ్ళు కూడా ఎందుకో దించేశారు. కింద వాగు చప్పుడు వినపడుతోంది. చీలమండ దాకా లేని నీళ్ళు, ఆగకుండా పోతున్నాయి. ఎక్కడికి పోతాయి అవి? కిందకి, గోదావరిలోకి, మన జొన్నాడ వంతెన కిందకి. ఈ ఏడు నెలలూ నేను కళ్ళు మూసుకున్న చోటికే.

వెనకనుంచి ముసలమ్మ, "బేగి కానియ్యవే. అందరికీ ఆకలేస్తోంది" అంది.

ఎవరో నవ్వారు. నాకు కూడా నవ్వు వచ్చింది. అందరికీ ఆకలేస్తోంది. నీకు కూడా వేస్తూ ఉంటుంది. సెప్టెంబరు నుంచీ నీ కంచంలో నేను పెట్టినదంతా మన పెంకుటింట్లో, నువ్వు లేని చోట పెట్టాను. నువ్వు ఇక్కడ ఉన్నావు.

"కరుణా" అన్నాను. "దానం గారి అమ్మాయి కరుణ. నా బుల్లులు."

ముక్క పెట్టాను. చెయ్యి వెంటనే తీయలేకపోయాను. లచ్చాయమ్మ నా మోచేయి పట్టుకుని మెల్లగా వెనక్కి తీసింది. డోళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. ఆవిడ తన ఆకు పెట్టి, మొగుడి పేరు, అమ్మానాన్నల పేర్లు పిలిచింది. ఆఖరున, ఊళ్ళో నిన్ను పిలిచే పేరుతో, "నర్సమ్మ" అంది. నేను పిలిచాను కదా, ఇంక పిలవొచ్చట.

తర్వాత అందరూ తిన్నారు. నేనూ తిన్నాను. ముసలమ్మకి ముక్క చిదిపి పెట్టాను.

ఏప్రిల్ 15, బుధవారం

ఇంకాసేపట్లో దిగుతాను. గంగబాబు వాగు దగ్గరికి వస్తానన్నాడు. మద్దిచెట్టు కిందనుంచి ఫోను చేస్తే, మీ నాన్నగారు అప్పుడే జొన్నాడలో ఉన్నారట, మధ్యాహ్నం బస్సుకి పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. మామ్మ పక్కన జాగా ఉంచమని చెప్పాను. రాయి వేయించండి, సున్నం నేను వేస్తాను అన్నాను. ఆయ్ అన్నారు.

ఈసారి వంతెన మీద కళ్ళు తెరిచే ఉంచుతాను.

నీ సీసా లచ్చాయమ్మ దగ్గరే ఉంచేశాను. ఆవిడ తీసుకుపొమ్మంది. నేనే వద్దన్నాను, చుట్టాలొస్తే నీళ్ళివ్వడానికి ఉండాలి కదా. మీ నాన్నగారు తనని గారు అన్నారని చెప్తే, ఆకుల కట్ట ఒకటి నా సంచిలో పెట్టింది, మీ నాన్నగారికి అన్నం వడ్డించమని.

పొద్దున్నే ఒక్కదాన్నీ వాగు ఒడ్డుకి వెళ్ళాను. మూడు కాయలు, ఉప్పూకారం పొట్లం రాయి మీద పెట్టి వచ్చాను. బాగా పుల్లగా ఉన్నాయి, ఉప్పు ఎక్కువ అద్దుకో. ఒక్క కాయతో ఆగిపోకు, నాన్నగారికి ఉంచాలని మొహమాటపడకు. ఆయనకి నేను పెడతాను.

నువ్వు కడుపు నిండా తినమ్మా.